సోరియాసిస్ – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

"సిస్టర్, మా అత్తమ్మ కంచం, గ్లాసు వేరే పెట్టాలా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు." వార్డులో ఒక పెద్దావిడకు ఆయింట్‌మెంట్ రాసి బయటికి వస్తుంటే, ఆమె కోడలు గుమ్మం దగ్గర మెల్లగా అడిగిన ప్రశ్న ఇది. లోపల మంచం మీద ఆ పెద్దావిడ వింటూనే ఉంది.

ఈ సందేహం మీకూ కలిగి ఉండవచ్చు. అడగడం తప్పు కాదు. జవాబు గుర్తుంచుకోండి: వేరే పెట్టనవసరం లేదు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు.

అసలు ఏమిటీ జబ్బు?

చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి మామూలుగా సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. నెల రోజుల పని నాలుగైదు రోజుల్లో జరిగిపోతుంది. పాత కణాలు రాలకముందే కొత్తవి వచ్చి పేరుకుంటాయి. అందుకే ఎర్రగా లేదా ముదురు రంగులో దళసరి మచ్చలు, వాటిపై తెల్లని పొట్టు కనిపిస్తాయి. మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద ఎక్కువగా వస్తాయి. తలలో వస్తే చాలామంది చుండ్రు అనుకుంటారు.

ఇది క్రిముల వల్ల వచ్చే జబ్బు కాదు. కనుక ముట్టుకున్నా, కలిసి తిన్నా, ఒకే పక్కపై పడుకున్నా రాదు. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా రావచ్చు గాని, అది అంటుకోవడం కాదు. కొందరు కుష్ఠు అని భయపడతారు. కుష్ఠు మచ్చపై స్పర్శ తగ్గుతుంది. సోరియాసిస్ మచ్చపై స్పర్శ ఉంటుంది, దురద కూడా ఉండవచ్చు. ఏదైనా డాక్టరుగారే పరీక్షించి తేల్చాలి.

ఎప్పుడు ఎక్కువవుతుంది?

చలికాలంలో, గొంతునొప్పి వచ్చినప్పుడు, దిగులు ఎక్కువైనప్పుడు, పొగ, మద్యం వల్ల పెరుగుతుంది. గోకినచోట, దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ రావచ్చు. కొన్ని బీపీ, మలేరియా, మానసిక వ్యాధుల మందులూ దీన్ని పెంచగలవు. వాటిని మీరే ఆపకండి, డాక్టరుగారికి చెప్పండి.

మందుల విషయంలో జాగ్రత్త

సోరియాసిస్ పూర్తిగా పోయే జబ్బు కాదు, కాని బీపీ, షుగరులాగా అదుపులో ఉంచవచ్చు. "గ్యారంటీగా నయం చేస్తాం" అనే ప్రకటనలు నమ్మకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీము ఇష్టం వచ్చినట్లు వాడితే చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే జబ్బు ఒళ్లంతా ఎగదన్నవచ్చు.

మెథోట్రెక్సేట్ మాత్ర ఇస్తే మరీ జాగ్రత్త. ఈ జబ్బుకు దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. త్వరగా తగ్గుతుందని రోజూ వేసుకున్న ఒక పెద్దాయన నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయ స్థితిలో మా దగ్గరకు వచ్చారు. ఆ రోజు ఏ వారమో క్యాలెండరులో గుర్తు పెట్టండి. మాత్రలు మీ చేతులతోనే ఇవ్వండి. రక్తపరీక్షలు తప్పించవద్దు. మద్యం పనికిరాదు. గర్భిణులు ఈ మందు వాడరాదు.

ఇంట్లో మీరు చేయవలసినవి

• గోరువెచ్చని నీటితో స్నానం చేయించండి. పీచుతో రుద్ది పొట్టు ఊడదీయవద్దు.
• ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె లేదా పెట్రోలియం జెల్లీ రాయండి.
• గోళ్లు కత్తిరించండి. నూలు బట్టలు వేయండి.
• వంకాయ, చేపలు మానితే తగ్గుతుందనడానికి ఆధారం లేదు. బరువు ఎక్కువుంటే తగ్గించడం మేలు.
• పసరు మందులు పూయకండి.

వెంటనే తీసుకురండి

ఒళ్లంతా ఎర్రబడి చలిజ్వరం వచ్చినా, చీము పొక్కులు లేచినా ఆలస్యం చేయవద్దు. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, వేళ్లు వాస్తే అది సోరియాసిస్ కీళ్లవాతం కావచ్చు. వదిలేస్తే కీళ్లు వంకర పోతాయి. ఖర్చుకు భయపడి ఆగకండి, ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్ గురించి ఒక తీర్మానం చేసింది. ఈ రోగులు జబ్బుతోబాటు జనం చూపే వెలితోనూ బాధపడుతున్నారని అందులో గుర్తించింది. ఆ రెండో బాధకు మందు మా దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది. ఈరోజు ఇంటికి వెళ్లాక వారిని పక్కన కూర్చోబెట్టుకొని భోజనం చేయండి. వీపు మీద చేయి అందనిచోట మీరే మందు రాయండి.