శేషాచలముపై నొక చుట్టుదారి

రేణిగుంట రైలుస్టేషనునుండి వాయవ్యదిక్కు చూచువారికి, అంచు నిలువున చెక్కినట్లున్న కొండలవరుస కనబడును. అవి శేషాచలపు కొండలు. మనలో ననేకులు బస్సులో నెక్కి బస్సులో దిగివచ్చినవారే గాని, యొక మెట్లదారిని ఎక్కి వేఱొకదారిని దిగి, కొండను చుట్టివచ్చినవారు కొందఱే. అట్లు నడచినవారికి మన యూరిచెంత పాఱు స్వర్ణముఖి యేల సంవత్సరములో పెక్కునెలలు ఇసుకయై యుండి, ఒక్కరాత్రిలో నదియగునో కన్నులార తెలియును.

ఉన్న దారులు రెండు. శ్రీనివాసమంగాపురమువైపు నున్న శ్రీవారిమెట్టు సుమారు 2 కిలోమీటర్లు, 2,388 మెట్లు. అలిపిరిదారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. మొదటిది పొట్టిది, నిట్రమైనది. నిట్రపుమెట్లు ఎక్కుట ఊపిరికి కష్టము. దిగుట మోకాళ్లకు కష్టము. ఊపిరి కొంతసేపు నిలిచినచో కుదుటబడును గాని మోకాలు కుదుటబడదు. కావున ఉదయపు చల్లదనములో శ్రీవారిమెట్టున నెక్కి, అలిపిరిని దిగుట మేలని నా యభిప్రాయము.

ఎక్కునపుడు నడుమనడుమ వెనుకకు తిరిగి చూడుడు. క్రింద చంద్రగిరివైపు లోయ పఱచుకొని యుండును. స్వర్ణముఖిలో కలియు కల్యాణియేఱు ఆ లోయలోనిదే. దానిపై 1977వ సంవత్సరమున ఆనకట్ట కట్టిరి. ఇరుప్రక్కల నడవిలో నల్లని బెరడు మొసలిచర్మమువలె పగిలియున్న చెట్టు కనబడినయెడల, అది ఎఱ్ఱచందనము. ప్రపంచములో నీ చెట్టు సహజముగా పెరుగునది ఈ తూర్పుకనుమల దక్షిణభాగముననే. దొంగగా నఱకి దేశాంతరములకు పంపువారివలన దీనికి కలిగిన హాని యింతింత గాదు. ఈతమొక్కను పోలిన సైకాస్ బెడ్డోమి యను మొక్కయు ఈ ప్రాంతపు కొండలదే. మదరాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోము దొరపేర దానికా నామము కలిగినది. 2010లో ప్రభుత్వమువారు సుమారు 4,750 చదరపు కిలోమీటర్ల యడవిని జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి.

ఇక ఱాతిమాట. కొండ యడుగున నున్నది మిక్కిలి పురాతనమైన నల్లఱాయి, అనగా గ్రానైటు. దానిపై నున్నది, పూర్వమొక సముద్రపుటొడ్డున పేరిన యిసుక గట్టిపడి యేర్పడిన క్వార్ట్‌జైటు. ఈ రెంటి పుట్టుకకు నడుమ కోట్లకొలది యేండ్లు గడచినవి. ఆ కాలమునకు గుర్తుగా ఇచట ఱాయి మిగులలేదు. రెండుఱాళ్లు కలియు ఆ గీతను ఘాటురోడ్డు ప్రక్కన చూడవచ్చును. భారత భూగర్భశాస్త్ర శాఖవారు దానిని జాతీయ స్మారకముగా గుర్తించిరి. పైన నున్న శిలాతోరణము ఈ క్వార్ట్‌జైటే. మనుష్యుడు చెక్కినది కాదు, గాలియు నీరును తొలిచినది.

ఈ ఱాతిమీద మన్ను పలుచన. వానలో కొంత ఱాతిబీటలలో దిగి ఊటలై వచ్చును. తక్కినదంతయు నిట్రపులోయలవెంట దొరలి వచ్చును. పలుచని మన్నును పట్టియుంచునది చెట్టువేళ్లే. మనకు గట్టివానలు ఈశాన్యఋతుపవనముతో, అక్టోబరు మొదలు డిసెంబరువఱకు వచ్చును. 2021 నవంబరులో కురిసిన వానకు తిరుపతి వీధులు మునిగినవి, స్వర్ణముఖి పొంగి ఒడ్డునున్న యిండ్లను కూల్చినది. శ్రీవారిమెట్టుదారియే చెడిపోయి, 2022 మే నెలలోగాని తిరిగి తెఱవబడలేదు. వానదినములలో ఈ నడక తలపెట్టరాదు.

దిగుదారిలో మోకాళ్లపర్వతము దాటినపిమ్మట చాలదూరము దాదాపు చదునైన యడవిత్రోవ. ఇచట బాలురు ముందుకు పరుగెత్త జూతురు. పెద్దలు దీనిని సాగనీయరాదు. 2023 ఆగష్టులో ఈ దారియందు ఆఱేండ్ల బాలికను చిఱుతపులి చంపినది. ఆ పిమ్మట పదునైదేండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము రెండుగంటలు దాటినతరువాత నడకదారులలో విడువరాదని దేవస్థానమువారు ఉత్తరువు చేసిరి, నడచువారికి కఱ్ఱలనిచ్చిరి. చిఱుత వెనుకబడిన చిన్నవానిని చూచును, గుంపును చూచి తప్పుకొనును. కావున చిన్నవారిని నడుమ నుంచుకొని, ఉదయముననే బయలుదేఱి, రెండుగంటలలోపున అలిపిరి చేరునట్లు నడువవలయును.

గాలిగోపురమువద్ద తప్పక కూర్చుండుడు. దక్షిణమున తిరుపతి పట్టణమును, దాని యవతల ఇసుకచారవలె స్వర్ణముఖియు, ఆకాశము నిర్మలముగా నున్నయెడల తూర్పున రేణిగుంటయు నగపడును. అచటినుండి అలిపిరికి ఇంకను రెండువేల మెట్లున్నవి. నీళ్లసీసా నచటనే నింపుకొనవలయును.