కీళ్ళనొప్పులన్నీ వాతం కాదు!

మీ పిల్లవాడు తరచు కీళ్ళు నొప్పులంటున్నాడా? కళ్ళు కాస్త పచ్చగా ఉంటున్నాయా? ఎన్ని టానిక్కులు తాగించినా రక్తం పట్టడం లేదా? ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది కీళ్ళవాతమూ కాదు, మామూలు కామెర్లూ కాదు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే రక్తదోషం. పేరు సికిల్ సెల్ ఎనీమియా. సికిల్ అంటే కొడవలి.

‘అది అడవుల్లో గిరిజనులకు వచ్చే జబ్బు, మాకెందుకు?’ అని పేజీ తిప్పేయకండి. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల గిరిజనుల్లో ఇది ఎక్కువన్న మాట నిజమే. కాని ఇతర కులాల్లోనూ అక్కడక్కడ ఉంది. పైగా ఏజెన్సీ పిల్లలు ఈనాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. పెద్దలు పనులు వెతుక్కుంటూ ఎల్.బి.నగర్‌లో బస్సు దిగుతున్నారు. వనస్థలిపురంలో ఉన్న నావంటి డాక్టరు కూడా ఈ జబ్బును గుర్తుపెట్టుకోక తప్పదు.

రక్తంలో ఏం జరుగుతుంది?

మామూలు ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని నాళాల్లోంచి కూడా సులువుగా జారిపోతుంది. దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బులో హెమోగ్లోబిన్ తయారీలో చిన్న తేడా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినా, చలి సోకినా, జ్వరం వచ్చినా, బాగా అలసినా కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. 10, 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందుకే రక్తహీనత, పచ్చకళ్ళు. వంగిన కణాలు నాళాల్లో అడ్డుపడినప్పుడు భరించరాని నొప్పి.

ఏజెన్సీలో డాక్టరు పని

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొంతకాలం ఏజెన్సీలో పనిచేశాను. మందివ్వడం కన్నా జబ్బు కనిపెట్టడమే అక్కడ కష్టం. రాత్రంతా మెలికలు తిరిగిన కుర్రవాడు రెండు రోజులు పోయాక మామూలుగా తిరుగుతాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు, బళ్ళో దొంగవేషాలంటారు. ఆస్పత్రిలో కూచుంటే రోగి రాడు. డాక్టరే సంతకు, ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాలి. వేలికొస నుంచి రక్తపుచుక్క తీసి మందునీటిలో కలిపితే, దోషం ఉన్న రక్తానికి ఆ నీరు మబ్బుగా మారుతుంది. తర్వాత పెద్ద ల్యాబులో నిర్ధారించుకోవాలి.

మన దేశంలో ఈ జబ్బును నీలగిరి గిరిజనుల్లో గుర్తించినది 1952లో. మహారాష్ట్ర గిరిజనుల్లో దీనిపై ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ సుదాం కాటేకు 2019లో పద్మశ్రీ వచ్చింది. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 7 కోట్ల మందిని పరీక్షించాలనీ, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలనీ లక్ష్యం.

క్యారియర్ రోగి కాదు

తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే దోషం వస్తే ఆ మనిషి క్యారియర్. అతనికి సాధారణంగా ఏ బాధా ఉండదు. చికిత్సా అక్కర్లేదు. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే చిక్కు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25 పాళ్ళు.

ఒక గూడెంలో ఒక అమ్మాయి క్యారియర్ అని బయటికి పొక్కింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. పెళ్ళికొడుకును మాత్రం ఎవరూ పరీక్షించలేదు! తర్వాత ఆ గూడెంలో పరీక్షకు వేలు చాపినవారు లేరు. అపవాదు భయమే ఈ జబ్బుకు పెద్ద అండ. అందుచేత పరీక్ష ఇద్దరికీ జరగాలి, ఫలితం గుట్టుగా ఉండాలి. జాతకాలు చూసుకునే మనం రక్తం చూసుకుంటే తప్పేముంది? ఇప్పటికే పెళ్ళయిన క్యారియర్ దంపతులు గర్భం నిలిచిన తొలి నెలల్లోనే డాక్టరును కలిస్తే, కడుపులోని బిడ్డకు జబ్బు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవచ్చు.

జబ్బున్నవారు ఏం చేయాలి?

నీళ్ళు ధారాళంగా తాగాలి. చలిలో తిరగరాదు, చన్నీటి స్నానం వద్దు. నొప్పి ఉన్నచోట వెచ్చని కాపడం పెట్టవచ్చు, ఐసు పెట్టకూడదు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు, టీకాలు తప్పనిసరి. అయిదేళ్ళలోపు పిల్లలకు పెన్సిలిన్ కూడా ఇస్తారు. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పులను బాగా తగ్గిస్తుంది. కాని డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. ఐరన్ టానిక్కులు సొంతంగా వాడకండి. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, హఠాత్తుగా పొట్ట ఉబ్బడం, కాలో చెయ్యో పడిపోవడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి రోగులకు రక్తం ఎక్కిస్తూ, పరీక్షలు చేస్తూ ఉంది. ప్రభుత్వ వైద్యులను అడిగితే పరీక్షకు దారి చూపిస్తారు.

చివరగా ఒక్కమాట. మీ ఇంట్లో పనిచేసే పిల్లకో, మీ క్లాసులో చదివే కుర్రవాడికో నెలకోసారి ఇలాంటి నొప్పి వస్తుంటే సోమరితనమని కసరకండి. ముందు నొప్పిని నమ్మండి. తర్వాత రక్తపరీక్షకు పంపండి.