40 ఏళ్లు దాచాల్సిన రికార్డు

పనిచోట ప్రమాదం జరిగితే కార్మికుడి నిర్లక్ష్యాన్నో, మూఢనమ్మకాన్నో, అన్నిటికీ తలరాతను నమ్ముకునే గుణాన్నో ముందుగా తప్పుపట్టడం భద్రతా శాస్త్రానికి పాత అలవాటు. అమెరికాలో హెచ్.డబ్ల్యూ. హైన్‌రిక్ 1931లో వెలువరించిన గ్రంథం పారిశ్రామిక ప్రమాదాల్లో 88 శాతానికి మనుషుల పొరపాటు చేష్టలే కారణమని లెక్కకట్టింది. ఆ అంకె దేశదేశాల శిక్షణ తరగతుల్లోకి పాకింది గాని, లెక్కకు ఆధారమైన కాగితాలు బీమా కంపెనీలవీ, ఫ్యాక్టరీ యజమానులవీ అన్న సంగతి దానితోపాటు ప్రచారం కాలేదు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత వాడుకలోకి వచ్చిన ‘భద్రతా సంస్కృతి’ అన్న భావన యాజమాన్యాన్ని కూడా బాధ్యుల్లో చేర్చినా, ఆచరణలో అది గోడమీద నినాదంగానూ, ఏటా మార్చి 4న జరిగే జాతీయ భద్రతా దినోత్సవ ప్రతిజ్ఞగానూ మిగిలిన చోట్లే ఎక్కువ.

ఈ వ్యాసానికి అనుకున్న అంశం కార్మికుల నమ్మకాలే. అయితే కడప జిల్లాలో లింగాల, పులివెందుల పరిసరాల రాతినార గనుల విషయానికి వస్తే, ఆ నమ్మకాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంగతులు చెప్పేది ఒక సుప్రీంకోర్టు తీర్పు.

రాతినార అంటే ఆస్బెస్టాస్, పోగులు పోగులుగా విడిపోయే ఖనిజం. వేంపల్లె సున్నపురాతి పొరల్లోకి భూగర్భం నుంచి కరిగిన శిల చొచ్చుకు వచ్చినచోట, ఆ వేడికి ఏర్పడిన క్రిసోటైల్ అనే తెల్ల రకం ఇక్కడిది. దత్తమండలాల రాతినార నిక్షేపాలపై భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఎ.ఎల్. కౌల్సన్ 1934లోనే గ్రంథం రాశాడు. తర్వాత గనులు నడిచాయి. కేంద్రం 1986లో కొత్త లీజులనూ, 1993లో పాత లీజుల పునరుద్ధరణనూ ఆపేసింది. రాతినార కలిపే సిమెంటు రేకుల తయారీ మాత్రం దిగుమతి సరుకుతో సాగుతూనే వచ్చింది.

అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన 1986 నాటి 206వ నంబరు రిట్ పిటిషన్‌పై 1995 జనవరి 27న వెలువడిన ఆ తీర్పును రాసినవారు జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తేల్చిన ఆ తీర్పు, ఆ మాటతో సరిపెట్టక, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గాని, పని మానిన నాటి నుంచి 15 ఏళ్లు గాని, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని పరిశ్రమలన్నిటినీ ఆదేశించింది. గాలిని సన్నని వడపోత పొర గుండా పీల్చి, దానిమీద చిక్కిన పోగులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టే మెంబ్రేన్ ఫిల్టర్ పరీక్షను తప్పనిసరి చేసింది. ఆరోగ్య బీమా ఉండాలని, వైద్య పునఃపరీక్షలో వృత్తి వ్యాధి తేలిన ఒక్కొక్కరికి యాజమాన్యం లక్ష రూపాయలు చెల్లించాలని కూడా చెప్పింది.

ఈ ఆదేశాల్లో అసలు ప్రాణమంతా 40 ఏళ్లన్న గడువులోనే ఉంది. కంటికి కనిపించని రాతినార పోగు ఊపిరితిత్తుల లోపలి గాలి సంచుల దాకా వెళ్లి దిగబడితే శరీరం దాన్ని కరిగించుకోలేదు. చుట్టూ కణజాలం గట్టిపడి ఆయాసం పెరిగే జబ్బును ఆస్బెస్టోసిస్ అంటారు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్‌ను మీసోథీలియోమా అంటారు. ఇవి బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు కూడా పట్టవచ్చు. అప్పటికి కూలీ గని మానేసి చీనీ తోటలోనో అరటి తోటలోనో పనికి కుదిరి ఉంటాడు; బీడీ తాగుతావా అని అడిగే డాక్టరు 30 ఏళ్ల కిందట ఏ రాయి కొట్టావని అడగడం అరుదు. జబ్బును పనితో ముడిపెట్టగలిగే సాక్ష్యం ఆ రికార్డు ఒక్కటే.

ఇక నమ్మకాల సంగతి. దుమ్ము పనుల్లో బెల్లం ముక్క తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయన్న విశ్వాసం దేశమంతటా ఉంది. దాన్ని కొట్టిపారేయడం కూడా అంత తేలిక కాదు. లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో, బెల్లం పెట్టినవాటి ఊపిరితిత్తుల నుంచి ధూళి కణాలు ఎక్కువగా తరలిపోయాయి. అయితే రాతినార పోగుకు ఆ ఫలితం వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. ఇంతకంటే ఖరీదైన నమ్మకం పరిశ్రమది: జాగ్రత్తగా వాడితే తెల్ల రాతినార క్షేమమేనన్నది. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చినా, రాటర్‌డామ్ ఒప్పందపు ప్రమాదకర పదార్థాల జాబితాలో క్రిసోటైల్‌ను చేర్చే ప్రతిపాదన భారత్ సహా కొన్ని దేశాల అభ్యంతరంతో పలుమార్లు వీగిపోయింది. కూలీ బెల్లాన్ని మూఢనమ్మకమనీ, దీన్ని విధానమనీ అనడం న్యాయం కాదు.

ఇదే జిల్లాలో కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద 2021 మే 8న గనుల్లో రాతిని పేల్చే జిలెటిన్ కడ్డీలు దించుతుండగా జరిగిన పేలుడులో 10 మంది చనిపోయారు. ఆ దుర్ఘటనకు తేదీ ఉంది, లెక్క ఉంది, విచారణ ఉంది. రాతినార జబ్బుతో పోయేవారి చావు ఎవరింట్లో వారికి వయసు మీద పడిన దగ్గుగానే మిగిలిపోతుంది. ఆస్బెస్టోసిస్ గనుల చట్టం కింద 1986లోనే తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేరినా ఇదే పరిస్థితి.

డబ్బా మీద రాయకూడని మాట
లింగాల తోటల్లో పురుగుమందు కొట్టే కూలీలకూ ఒక నిబంధన అండగా ఉంది. 1971 నాటి క్రిమిసంహారకాల నియమావళి 19వ నియమం ప్రకారం డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో కింది సగం రంగు విషతీవ్రతను చెబుతుంది: ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివరకు ఆకుపచ్చ. లేబులు, కరపత్రం హిందీ, ఇంగ్లీషులతోపాటు ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలి. ‘సురక్షితం’, ‘విషం కాదు’ వంటి మాటలు, చెప్పినట్టు వాడితేనే అన్న షరతుతో కూడా, అచ్చువేయకూడదు. సిమెంటు రేకుల ప్రకటనలకు కూడా ఇలాంటి నియమం ఉంటే బాగుండేది.

మళ్లీ రికార్డు సంగతికి వస్తే, 1990లో గనిలో చేరిన కార్మికుడి రికార్డు, సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, కనీసం 2030 వరకు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. గని మూతపడినంత మాత్రాన ఆ బాధ్యత రద్దయిందని తీర్పు ఎక్కడా అనలేదు. అక్కడ పనిచేసిన వారు, వారి పిల్లలు ఆ రికార్డు నకలు కోసం పాత యాజమాన్యానికీ, గనుల భద్రతా డైరెక్టరేట్‌కూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకుని దగ్గర ఉంచుకోవాలి.