లెక్కల పరీక్షకు సిద్ధమగుట

పరీక్షా మందిరమున పర్యవేక్షకులుగా నిలిచిన మాకు ప్రతి యేటను ఒక దృశ్యము కనబడుచుండును. గణిత ప్రశ్నపత్రము నందుకొనిన విద్యార్థి దానిని రెండు మారులు చదువును. పిమ్మట పైకప్పు వంక చూచును. అరగంట గడచినను కాగితముపై ఒక్క అంకెయు ఉండదు. ఇతడు సోమరి కాడు, నెల దినములు రాత్రులు మేల్కొని చదివినవాడే. వెలుపలికి వచ్చి, "సార్, ఇంట్లో అన్నీ వచ్చాయి. ఇక్కడ ఏ లెక్కకు ఏ సూత్రం వాడాలో తోచలేదు" అనును.

మేము తెలుగు బోధించువారము. గణితమును గూర్చి చెప్పుటకు మాకేమి యధికారమని మిత్రులు నవ్వవచ్చును. ఇంటర్మీడియట్ దినములలో మేమును ఆ పైకప్పును చూచినవారమే. అదియుగాక, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును పావులూరి మల్లన పద్యములలో తెనిగించినాడు గనుక తెలుగువారమైన మాకు లెక్కలతో చుట్టరికము పాతదే.

ఆ విద్యార్థి చదివిన తీరు చూడుడు. ఒక అధ్యాయము తీసికొని, మాదిరి లెక్కను చూచి, అదే రకము లెక్కలు ఇరువది వరుసగా చేసినాడు. మూడవ లెక్క మొదలుకొని ఆలోచనతో పని లేదు, చేయి తనంతట తానే నడచును. పరీక్షలోని ప్రశ్న మాత్రము తన అధ్యాయము పేరు చెప్పుకొనుచు రాదు. లెక్క ఏ రకమో గుర్తించుటయే అచ్చట సగము పని. ఆ పని అతడు ఇంటివద్ద ఒక్కనాడును చేయలేదు.

9వ శతాబ్దమున బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథము పేరులోని 'అల్ జబ్ర్' అను మాటయే ఆల్జీబ్రా అయినది. ఇది మన ఉర్దూ మాధ్యమ విద్యార్థులు విననిది కాదు. అయితే ఆయన సమీకరణములను ఆరు రకములుగా ఏర్పరచి, లెక్కను ముందు అందొక దానికి తెచ్చి, ఆ పిమ్మటనే సాధించెనని గమనించినవారు తక్కువ. ఆయన ఇచ్చిన లెక్క ఒకటి: ఒక సంఖ్య వర్గమునకు ఆ సంఖ్యకు పదిరెట్లు కలుపగా 39 వచ్చినది. సంఖ్య యేది? పదిలో సగము 5, దాని వర్గము 25. దానిని 39కి కలుపగా 64, వర్గమూలము 8. అందుండి 5 తీసివేయగా 3. మరి 25 కలుపుట యెందుకు? ఎడమవైపు పూర్ణవర్గము అగుటకు. ఇది చదివి అర్థమైనదని తల యూపుట సులభము. ఇప్పుడు ఈ సంచిక మూసి, పదిరెట్లకు మారుగా ఆరురెట్లు, 39కి మారుగా 40 ఉంచి చేసి చూడుడు. ఎచ్చట ఆగుదురో అచ్చటనే మీకు రానిది ఉన్నది.

అమెరికాలో రోరర్, టేలర్ అను పరిశోధకులు 2007లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. కళాశాల విద్యార్థులకు నాలుగు ఆకృతుల ఘనపరిమాణమును కనుగొనుట నేర్పి, కొందరిచే ఒక్కొక్క రకము లెక్కలను వరుసగను, కొందరిచే అన్నిటిని కలగలిపియు చేయించిరి. అభ్యాసమునాడు వరుసగా చేసినవారికి నూటికి 89, కలిపి చేసినవారికి 60 సరిగా వచ్చినవి. వారము గడచిన పిమ్మట పెట్టిన పరీక్షలో మొదటివారికి 20, రెండవవారికి 63. అభ్యాసమున తడబడుటను చూచి జంకినవారికి ఈ అంకెలు ధైర్యము చెప్పగలవు.

కావున వేరువేరు అధ్యాయముల లెక్కలను చీటీలపై వ్రాసి డబ్బాలో వేయుడు. చేతికి వచ్చిన చీటీ తీసి, పుస్తకము మూసి చేయుడు. తప్పినచో ఆ తప్పును వేరొక నోటుపుస్తకమున వ్రాయుడు: గుర్తు తప్పినదా, ప్రశ్నయే తప్పు చదివితిరా? ఒక్క రాత్రి ఆరు గంటల కన్న ఆరు దినములు గంట చొప్పున మేలు. పరీక్ష ముందటి రాత్రి నిద్రపొండు.

గణితములో తప్పి చదువు మానిన మా పూర్వ విద్యార్థి యొకడు నేడు గుడ్డల దుకాణమున మీటర్ల లెక్కను కాగితము లేకయే చెప్పుచున్నాడు. వానికి బుద్ధి లేదని ఎవరనగలరు? చదువు తీరును వానికి వేళకు చెప్పినవారు లేకపోయిరి, అందు మేమును ఉన్నాము. పాత ప్రశ్నపత్రములను కుట్టించి గ్రంథాలయమున అందరి చేతికి అందునట్లు ఉంచవలెనని కళాశాల సంఘము వారికి మా మనవి.

పై లెక్కకు జవాబు 4. అది రానివారు ఆ పేరాను మరల చదువక, 9 ఎచ్చట కలుపవలెనో కాగితముపై వెదకుడు.