లైఫ్ కోచ్ బోర్డు పెట్టే ముందు

సూర్యాపేటలోనూ, కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ ‘కోచింగ్’ అన్న మాటకు ఒకే అర్థం స్థిరపడిపోయింది. డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలు, నీట్. తుంగతుర్తి వంటి మండల కేంద్రంలో ఎవరైనా ‘లైఫ్ కోచ్’ అని బోర్డు పెడితే, మొదట లోపలికి వచ్చిన మనిషి ఇది ఏ పరీక్షకని అడిగే అవకాశమే ఎక్కువ. ఈ వృత్తిలోకి రాదలచిన మన యువతీయువకులు ముందుగా గ్రహించవలసిన వాస్తవం ఇదే. వారు అందించదలచిన సేవకు మన ప్రాంతంలో ఇంకా పేరే ఏర్పడలేదు.

ఈ వృత్తి అమెరికాలో రూపుదిద్దుకుంది. ప్రజలకు ఆర్థిక విషయాలలో ప్రణాళికలు వేసి ఇచ్చే పని చేసిన థామస్ లెనార్డ్, తన వద్దకు వచ్చేవారు డబ్బు గురించే కాక మొత్తం జీవితం గురించి మాట్లాడాలని కోరుకుంటున్నట్లు గమనించారు. 1992లో ఆయన కోచ్ యూనివర్సిటీ పేరిట ఒక శిక్షణ సంస్థను నెలకొల్పారు. 1995లో నేటి ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్‌కు పునాది పడింది. ఈ సమాఖ్య ఇచ్చే గుర్తింపులు మూడు స్థాయిలలో ఉంటాయి. మొదటిదైన ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. ఆ నూరు గంటలలో కనీసం 75 గంటలు రుసుము తీసుకుని చేసినవై ఉండాలి. వీటికి తోడు ఒక అనుభవజ్ఞుని పర్యవేక్షణలో 10 గంటలు, ఆపైన పరీక్ష. రెండవదైన పీసీసీకి 500 గంటలు, మూడవదైన ఎంసీసీకి 2,500 గంటల అనుభవం అవసరం. గుర్తింపును మూడేళ్లకొకసారి నవీకరించుకోవాలి.

ఈ లెక్కలన్నీ చెప్పడానికి కారణముంది. శని, ఆదివారాల రెండు రోజుల తరగతితో ‘సర్టిఫైడ్ లైఫ్ కోచ్’ అనే కాగితం చేతిలో పెట్టే సంస్థలు ఎన్నో ఉన్నాయి. మన దేశంలో లైఫ్ కోచ్ అని పిలిపించుకోవడానికి ప్రత్యేక లైసెన్సు ఏదీ లేదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో పేరు నమోదు కావాలి. కోచ్‌కు అటువంటి నియమం లేదు. కనుక వడ్డీకి అప్పు తెచ్చి, తల్లి నగలు తాకట్టు పెట్టి ఇటువంటి కోర్సులలో చేరే పిల్లలను పెద్దలు ఒక ప్రశ్న అడగాలి: ఈ కాగితం వెనుక ఎన్ని గంటల సాధన ఉంది?

ఇంతకూ కోచ్ చేసే పని ఏమిటి? ఒక ఉదాహరణతో చూద్దాం. సౌదీలో పదిహేనేళ్లు డ్రైవరుగా పనిచేసి, నలభై దాటాక ఇంటికి తిరిగి వచ్చిన ఒక సోదరుణ్ణి ఊహించుకోండి. చేతిలో కొంత పొదుపు ఉంది. బావమరిది కిరాణా కొట్టు పెట్టమంటాడు. తమ్ముడు ప్లాటు కొనమంటాడు. భార్య ఏమీ అనదు, కానీ కూతురి పెళ్లి ఆమె కళ్లలోనే ఉంటుంది. ఇన్నేళ్లూ ఫోనులో మాత్రమే తండ్రిని ఎరిగిన పిల్లలు ఆయన గదిలోకి రాగానే మాటలు ఆపేస్తారు. ఈ సోదరునికి సలహాలు తక్కువేమీ లేవు. ఆయన మనసులో ఏముందో అడిగి, సమాధానం వచ్చేదాకా ఓపికగా వినేవారే కరువు. కోచ్ కొట్టు పెట్టమనీ చెప్పడు, ప్లాటు కొనమనీ చెప్పడు. ఏడాది తర్వాత మీ ఇల్లు ఎలా ఉండాలనుకుంటున్నారు, అందుకు ఈ నెలలో ఏ పని చేయగలరు, మీకు అడ్డుపడుతున్నది ఏమిటి, అని అడుగుతాడు. నిర్ణయం ఆయనదే. వారం తిరిగాక, అనుకున్న పని జరిగిందా అని మళ్లీ అడుగుతాడు. బోధన వృత్తిలో ఉన్న మావంటి వారికి ఈ పని చాలా కష్టం. ఎదుటివాడు నోరు తెరవగానే జవాబు చెప్పేయడం మాకు అలవాటు!

తెలుగునాట ఈ బాటకు దగ్గరగా నడిచినవారిలో డాక్టర్ బి.వి. పట్టాభిరాం ముఖ్యులు. ఇంద్రజాలికునిగా, హిప్నాటిస్టుగా పేరు పొందిన ఆయన (ఇంద్రజాలం గురించి మన ధర్మవేత్తలు చెప్పేది వేరు, దాని చర్చ ఇక్కడ కాదు) మనస్తత్వశాస్త్రం వైపు మళ్లి, హైదరాబాద్‌లో ప్రశాంతి కౌన్సెలింగ్ కేంద్రాన్ని నడిపారు. వ్యక్తిత్వ వికాసంపై తెలుగులో అనేక పుస్తకాలు రాశారు. 2025 జూన్ 30న కన్నుమూశారు. నవలా రచయితగా విస్తారమైన పాఠకలోకాన్ని సంపాదించుకున్న యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’తో ఇదే రంగంలోకి వచ్చారు. ఇద్దరి విషయంలోనూ గమనించదగినది ఒకటుంది. వారు జీవితం గురించి మాట్లాడడం మొదలుపెట్టేనాటికే జనం వారిని మరొక పని ద్వారా ఎరిగి ఉన్నారు.

తుంగతుర్తిలో ఆ పరిచయం ఎక్కడి నుండి వస్తుంది? పాతికేళ్లు బడిలో పాఠం చెప్పిన ఉపాధ్యాయునికి ఊళ్లోని తల్లిదండ్రులతో పరిచయముంది. గల్ఫ్ నుండి తిరిగి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నవానికి, తిరిగి రాబోయేవారి ఫోను నంబర్లు తెలుసు. ఎస్సారెస్పీ చివరి ఆయకట్టులో నీటి కోసం కళ్లు కాయలు కాసేలా చూసిన రైతు ఇంటి బిడ్డకు, సేద్యం వదలాలా వద్దా అని సతమతమయ్యే యువకుని భాష తెలుసు. ‘అందరికీ, అన్ని సమస్యలకూ’ అని బోర్డు మీద రాస్తే ఎవరూ రారు. తాను బాగా ఎరిగిన ఒక్క వర్గాన్ని ఎంచుకుంటే పది మంది వస్తారు. ఆ పది మందే మరో పది మందికి చెబుతారు.

ఆదాయం లెక్క కూడా వేసుకోవాలి. గంటకు 500 రూపాయల రుసుము, వారానికి ఆరుగురు వస్తారనుకుందాం. నెలకు 12,000 రూపాయలు. గది అద్దె, ప్రయాణం, ఫోను కలిపి 5,000 పోతే మిగిలేది 7,000. కోర్సుకు లక్షన్నర ఖర్చు పెట్టి ఉంటే, అది తిరిగి రావడానికే ఇరవై ఒక్క నెలలు దాటుతుంది. అందుచేత మొదటి రెండేళ్లు చేతిలో ఉన్న ఉద్యోగమో వ్యాపారమో వదలకూడదని నా అభిప్రాయం. ప్రభుత్వ ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి దళారీకి డబ్బు ఇవ్వవలసిన పనిలేదు. సేవలపై ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు చింత ఉండదు.

రుసుము తీసుకోవడం ధర్మసమ్మతమేనా అని కొందరు అడుగుతారు. ఫిఖ్‌హ్‌లో ఇజారా నియమం స్పష్టంగానే ఉంది. పని ఏమిటో, ఎంతసేపో, ప్రతిఫలం ఎంతో ఉభయులకూ ముందే తెలిసి ఉంటే కూలి తీసుకోవచ్చు. కోచ్ అమ్మేది తన సమయాన్ని, శ్రద్ధను. ‘మూడు నెలల్లో మీ జీవితం మారిపోతుంది’ అని ప్రకటించి డబ్బు తీసుకుంటే, తన చేతిలో లేనిదాన్ని అమ్మినట్టవుతుంది. అందువల్ల మొదటి రోజే ఒక కాగితం మీద ఎన్ని సమావేశాలు, ఒక్కొక్కటి ఎంతసేపు, రుసుమెంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

అన్నిటికంటే జాగ్రత్త వహించవలసిన చోటు మరొకటుంది. వచ్చిన మనిషికి వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మీద ధ్యాస పోవడం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, చావు ప్రస్తావన తేవడం, వీటిలో ఏది కనిపించినా అది కోచ్ పరిధి దాటిన విషయం. మన ఇళ్లలో ఇటువంటి మనిషిని ముందు ఆమిల్ దగ్గరకు తీసుకువెళతారు, తాయెత్తు కట్టిస్తారు, నెలలు గడిచాక గాని మానసిక వైద్యుడు గుర్తుకు రాడు. కోచ్ కూడా ఆ దారిలో ఒక మజిలీగా మారి, రుసుము ఆశతో మరో రెండు నెలలు ఆలస్యం చేస్తే ఒక ప్రాణమే పోవచ్చు. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రికి పంపాలి. ఆ రాత్రికే సాయం కావాలంటే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు కోచ్ బల్ల మీద కనబడేలా ఉండాలి. ప్రాణాపాయం తోచినప్పుడు ఇంటివారికి చెబుతానని మొదటి కాగితంలోనే రాసుకోవాలి.

మిగిలిన సందర్భాలలో విన్నది బయటకు పొక్కకూడదు. సలహా కోరబడిన మనిషి మీద అమానతు బాధ్యత ఉంటుందని మన ప్రవక్త (స) నేర్పారు. హైదరాబాద్‌లో పొరపాటున బయటపడిన మాట జనంలో కలిసిపోవచ్చు. తుంగతుర్తిలో అది మగ్రిబ్ నమాజు లోపలే వాడంతా తిరిగి వస్తుంది.

ఈ పనిలో మన సోదరీమణులకు ఉన్న అవకాశాన్ని కూడా ఇంటి పెద్దలు ఆలోచించాలి. అత్తింట్లో ఇమడలేని కొత్త కోడలు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక చదువు కొనసాగించాలనుకునే తల్లి, భర్త గల్ఫ్‌లో ఉండగా ఇల్లు నడుపుతున్న ఇల్లాలు, వీరెవరూ పురుషుడైన కోచ్ ముందు ఒంటరిగా కూర్చోలేరు, కూర్చోనూ కూడదు. చదువుకున్న ఒక సోదరి తన ఇంటి ముందు గదిలో, జుహర్‌కూ అస్ర్‌కూ మధ్య రోజుకు రెండు గంటలు కేటాయిస్తే చాలు. రాలేనివారితో ఫోనులో మాట్లాడవచ్చు. ఆమె నోటు పుస్తకానికి తాళం ఉన్న బీరువా కావాలి. ఆ రెండు గంటలూ ఆ గదిలోకి ఇంటివారెవరూ రాకూడదు, ఆమె భర్తతో సహా.