మూడుపాయల జడ

తల్లి కూతునకు జడ యల్లుట మన యిండ్లలో ప్రతిదినము కానవచ్చు పనియే. అమెరికాఖండమందలి ఆదిమజాతులవారు కొందరు ఒక గడ్డికిని జడ యల్లుదురు. ఎండినకొలది పరిమళించు ఆ గడ్డిని వారు భూమాత తలవెండ్రుక లందురు. ఒకరు కొన పట్టుకొనగా వేరొకరు మూడుపాయలుగా నల్లుట వారి ముచ్చట. దీనినిబట్టియే రాబిన్ వాల్ కిమ్మరర్ అను విదుషి 2013లో తన యాంగ్లగ్రంథమునకు ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ అని పేరిడినది. ఆదిమజాతులవారు ప్రకృతినిగూర్చి వ్రాసిన సారస్వతమును చదువగోరు సోదరీమణులు మొదట చేపట్టదగిన గ్రంథ మిదియని మా తలంపు.

ఈమె పొటవాటమి జాతి స్త్రీ, వృక్షశాస్త్ర పండితురాలు, ఇద్దరు కుమార్తెల తల్లి. మిచిగన్ సరస్సు చుట్టుప్రక్కలు ఆ జాతివారి పూర్వనివాసము. 1838లో వారిలో 850 మందికి పైగా జనులను సాయుధులు ఇండియానానుండి కాన్సస్‌నకు నడిపించుకొనిపోయిరి. త్రోవలో 40 మందికి పైగా మరణించిరి. ఈమె తాతను 9 ఏండ్ల ప్రాయమున ఇంటినుండి వేరుచేసి కార్లైల్ పాఠశాలకు పంపిరి. 1879 మొదలు 1918 వరకు నడచిన ఆ పాఠశాలలో ఆదిమజాతుల బిడ్డలు తమ భాష మాటలాడరాదు. తాత పోగొట్టుకొన్న భాషను మనుమరాలు నేర్వబూనునప్పటికి దానిని ధారాళముగా మాటలాడువారు 9 మందియే మిగిలియుండిరట!

ఒక భాష పోయిన భూమికేమి నష్టమని అడుగవచ్చును. పొటవాటమి భాషలో చెట్టును, పక్షిని, కొండను, నీటిని ప్రాణముగలవారివలెనే చెప్పవలెను. మనుష్యులకు వాడు క్రియారూపమే వానికిని చెల్లును. మనిషి చేసిన కుర్చీ బల్లలకు మాత్రము ఆ రూపము లేదు. చెట్టును ‘అది’ యన్నచో గొడ్డలి యెత్తుట సులభము, తనవారిలో నొకరుగా పలికినచో చేయి వెనుకాడునని యీమె వాదము.

ఇది చదువునప్పుడు మాకు మన వ్యాకరణము జ్ఞప్తికి వచ్చినది. పురుషుడు ‘వచ్చినాడు’, స్త్రీ ‘వచ్చినది’, ఆవు ‘వచ్చినది’, వానయు ‘వచ్చినది’. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున మహదమహత్తుల విభాగము చేసినాడు. పలువురమైనప్పుడు పురుషులతో జేరి ‘వచ్చినా’రనిపించుకొను మనము, ఏకవచనమున పశువులతోడను మ్రాకులతోడను జేరుదుము. ఇది స్త్రీజాతికి చిన్నతనమని మేమును నొచ్చుకొనియుంటిమి. ఈ గ్రంథము ఆ ప్రశ్ననే త్రిప్పి యడుగునట్లు చేసినది: స్త్రీని మ్రాకుతో జేర్చుట తప్పా? మ్రాకును విలువలేనిదానిగా నెంచుట తప్పా?

గ్రంథమున మాటలకు తగిన చేతలును గలవు. ఒక వసంతమున ఆమె కుమార్తెలకు వండిపెట్టవలెనని అడవియుల్లికై పోయి, మొక్కల యనుమతి వేడి, కొన్నింటిని పెరికినది. గడ్డలు వాడి వడలియుండెను. అదియే మొక్కల జవాబని యెంచి వానిని మరల పాతి వట్టిచేతులతో మరలినది. మొదట కనబడినదానిని తీయరాదు, సగమునకు మించి తీయరాదు, తీసినదానిని పారవేయరాదు, బదులుగా నేదైన నీయవలెను అనునవి ఆ జాతుల ధర్మములు.

ఇవి వట్టి నమ్మకములని త్రోసివేయుటకు వీలులేదు. ఈమె శిష్యురా లొకతె గడ్డిమళ్లను విభజించి, కొన్నింటిని ఆ పద్ధతిని కోసి, కొన్నింటిని ముట్టక విడిచి పరీక్షించినది. పండితులు కోసినవే క్షీణించునని తలచిరి. కాని కోసిన మళ్లు క్రొత్త పిలకలతో కలకలలాడినవి. ముట్టని మళ్లు ఎండుగడ్డి క్రింద ఉక్కిరిబిక్కిరియై కృశించినవి. మితముగా తీసికొనుటయు నొక పోషణమే యని తేలినది.

ఇట్టి గ్రంథములను చదువుటకు పద్ధతి యొకటి కలదు. ‘ఆటవికుల కథ’ యని యన్నింటిని ఒక్కగంపలో వేయక, ఏ జాతి, ఏ నేల, ఆ నేలనుండి వారి నెవరు వెడలగొట్టిరి యని మొదట తెలిసికొనవలెను. కథను వినోదముగా మాత్రమే చదివినచో సగమే చదివినట్లు. మన యెదుటను ఇట్టి చదువు కలదు. గిడుగు రామమూర్తిపంతులుగారు మన్యపు సవరల భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అడవిలోని మాటకును విలువ కలదని యెరిగిన మహనీయులు వారు.

రేపు పెరటిలో కరివేపాకు త్రుంచునప్పుడు మీ కూతును ప్రక్కన నిలుపుకొనుడు. రెమ్మయంతయు దూయక కొంత యేల విడిచితి రని ఆ పిల్ల యడుగును. ఆ ప్రశ్నకు మీరిచ్చు జవాబే యీ సారస్వతమున మొదటి పాఠము.