కౌంటర్లు నాలుగు, క్యూ ఒకటి

శుక్రవారం పొద్దున తిరుచానూరులో మా వీధి వీధిలా ఉండదు. ఆటోలు, పూలగంపలు, తడి తలల మీద తుండుగుడ్డలు. ఆ సందడిలోనే అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మా మనవరాలు నెత్తి పట్టుకుని కూర్చోనింది. బెంగుళూరు కంపెనీ, ఇంటి నుంచే ఉద్యోగం.

"తాతా, నాలుగు సర్వర్లు ఉండాయి. మూడు కునుకు తీస్తాండాయి, ఒకటి మాత్రం రొప్పతాంది. ఏమైందో తెలీలే" అనింది.

"టికెట్ కౌంటర్ సంగతేనమ్మా ఇది" అన్నాను. నవ్వింది గానీ, నిజంగా అంతే. వెబ్‌సైట్‌కు వచ్చే జనం ముందు లోడ్ బ్యాలెన్సర్ దగ్గరికి వస్తారు. అది క్యూ మొదట్లో కర్ర పట్టుకుని నిలబడే సెక్యూరిటీ ఆయన లాంటిది. ఎవరిని ఏ కౌంటర్‌కు పంపాలో చెప్పడమే ఆయన పని, టికెట్ కొట్టడం కాదు.

ఆయన "నువ్వు ఒకటికి, నువ్వు రెండుకి, నువ్వు మూడుకి" అని వరసపెట్టి పంపుతాడనుకో. దాన్నే రౌండ్ రాబిన్ అంటారు. 2004లో ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా ఇంజనీరు బయటికి వదిలిన ఇంజిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మనమేమీ చెప్పకపోతే జరిగేది ఇదే. అందరూ చిల్లర చేతిలో పెట్టుకుని ఒక్కో టికెట్టే అడిగితే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ రెండో కౌంటర్‌లో ఒకావిడ పన్నెండు మంది ఆధార్ కార్డులు సంచిలో అడుగున పెట్టుకుని, వాటి మీద పులిహోర డబ్బా, దాని మీద చంటిదాని గుడ్డలు పెట్టుకుని వచ్చిందనుకో? ఆవిడ ఒక్కొక్కటే తీస్తూ ఉంటుంది. కర్ర పట్టుకున్నాయన ఆ వెనకాలే ఇంకా పంపుతూనే ఉంటాడు. వెబ్‌సైట్‌లోనూ అంతే. ఒకరు మొదటి పేజీ చూసి పోతారు, ఇంకొకరు ఏడాది లెక్కలన్నీ ఒకేసారి దించమంటారు.

అట్లాంటిచోట ఏ కౌంటర్ ముందు తక్కువమంది ఉన్నారో చూసి పంపాలి. లీస్ట్ కనెక్షన్స్ అంటే అదే. ఇంజిన్‌ఎక్స్‌లో అది ఒకే ఒక్క మాట, లీస్ట్ కాన్.

"మరి మావాళ్లు ఐపీ హాష్ పెట్టినారు తాతా" అనింది. దొరికింది దొంగ! ఐపీ హాష్ అంటే వచ్చినవాళ్ల నెట్ అడ్రస్‌ను (ఐపీని) బట్టి సర్వర్; మన క్యూలో అయితే ఊరిని బట్టి కౌంటర్. పలమనేరు నుంచి వచ్చినవాళ్లంతా మూడుకే పోవాలన్నమాట. ఎందుకట్లా అంటే, ఒకసారి లాగిన్ అయినవాళ్లను ఆ సర్వరే గుర్తుపెట్టుకుంటుంది, వేరే సర్వర్‌కు పోతే "నువ్వెవరు?" అంటుంది. అందుకని వచ్చినవాళ్లను వచ్చినచోటికే పంపుతారు. ఒకప్పుడు పనికొచ్చింది. ఇప్పుడేమో సెల్‌ఫోన్ కంపెనీలు వేలమందిని ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనకాల కూర్చోబెడుతున్నాయి. పైగా ఇంజిన్‌ఎక్స్ ఆ అడ్రస్‌లోని నాలుగు సంఖ్యల్లో మొదటి మూడే చూస్తుంది. అంటే బస్సు మొత్తం దిగి ఒకే కౌంటర్ ముందు నిలబడినట్టు. మనవరాలి రొప్పే సర్వర్ కథ అది. నేను చెప్పిన మందు: లాగిన్ వివరాలు సర్వర్ బుర్రలో కాకుండా, అన్ని సర్వర్లకూ అందేట్టు రెడిస్ లాంటి ఉమ్మడి డేటాబేస్‌లో ఒకేచోట పెట్టు. అప్పుడు ఎవరు ఎక్కడికి పోయినా పని జరుగుతుంది.

లీస్ట్ కనెక్షన్స్‌కూ ఒక గుంత ఉంది. ఏ ఆఫీసో చెప్పను గానీ, ఒకసారి ఒక కౌంటర్‌లో ప్రింటర్ పాడైంది. గుమస్తా తలెత్తకుండా "లేదు పో" అంటున్నాడు. రెండు సెకన్లకో మనిషి. ఆ లైను ఎప్పుడూ ఖాళీనే కదా, కొత్తగా వచ్చినవాళ్లందరం దాంట్లోకే దూరాం! చెడిపోయిన సర్వర్ కూడా వెంటనే 500 ఎర్రర్ ఇచ్చి చేతులు దులుపుకుంటుంది, అందుకే అది అన్నిటికన్నా ఖాళీగా కనిపిస్తుంది. ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను 500ను వైఫల్యం కింద లెక్కెయ్యదు, మనం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఒక్క లైను మర్చిపోయి రాత్రిళ్లు జాగారం చేసినవాళ్లు ఎందరో.

కర్ర పట్టుకునేవాళ్లే పదిమంది ఉంటే? నాలుగో కౌంటర్ ఖాళీ అని పదిమందీ ఒకేసారి చూసి అందరినీ అక్కడికే తోలుతారు. దీనికో ముచ్చటైన విరుగుడుంది. ఏవైనా రెండు కౌంటర్లను గుడ్డిగా ఎంచుకుని, ఆ రెంటిలో చిన్న లైనుకు పంపు. అజర్, బ్రోడర్, కార్లిన్, ఉప్‌ఫాల్ అనే పరిశోధకులు 1994లో దీని గణితం తేల్చారు. ఒక్కదాన్నే గుడ్డిగా ఎంచుకోవడం కంటే రెంటిని చూడటంతో పొడుగాటి లైను ఒక్కసారిగా తగ్గిపోతుంది. మూడో దాన్ని చూస్తే కలిసొచ్చేది అంతకన్నా చాలా తక్కువ.

ఇవన్నీ చెప్పాక ఆ పిల్ల అడిగింది, "మంచి పద్ధతి పెడితే ఎంతమంది వచ్చినా తట్టుకుంటాదా?" తట్టుకోదు. ఒక్కో మనిషికి సగటున నిమిషం పట్టే కౌంటర్ ఉందనుకో, జనం తోచినప్పుడు వస్తున్నారు. కౌంటర్ సగం వేళ పనిలో ఉంటే సగటు నిరీక్షణ ఒక నిమిషం. తొంభై శాతం పనిలో ఉంటే తొమ్మిది నిమిషాలు. తొంభై అయిదైతే పంతొమ్మిది. ఆ చివరి అయిదు శాతమే కొంప ముంచేది. టెలిఫోన్ లైన్లకు ఇట్లాంటి లెక్కలు డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1909లోనే మొదలుపెట్టాడు.

అందుకే తిరుమల మూడువందల రూపాయల దర్శనం టికెట్లు నెట్‌లో విడుదలయ్యే పూట, ఉదయం పదింటికి, సైటు ముందే వర్చువల్ క్యూలో కూర్చోబెడుతుంది. ఆర్జితసేవల లక్కీడిప్ ఇంకా తెలివైంది: పేరు నమోదుకు గడువు రెండు రోజులు, తర్వాత డ్రా. ముందొచ్చినవాడికి లాభం లేదు కాబట్టి పదింటికే ఎగబడే పనీ లేదు.

మనవరాలు సాయంత్రానికి రెడిస్ పెట్టి, ఐపీ హాష్ తీసేసి, లీస్ట్ కాన్ రాసింది. నాలుగు సర్వర్లూ ఇప్పుడు సమానంగా చెమటోడుస్తున్నాయి.

ఇదే లెక్కన, మా అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల ఆఖర్న పంచమీ తీర్థానికి మా ఊరొచ్చేవాళ్లకు ఒక మాట. చక్రస్నానం ముహూర్తానికే పద్మసరోవరంలో మునగాలని అందరూ ఒక్కసారి తోసుకోకండి. తీర్థ మహిమ ఆ రోజంతా ఉంటుందని దేవస్థానం వాళ్లే మైకుల్లో చెబుతుంటారు. మధ్యాహ్నం భోంచేసి తాపీగా రండి, మెట్లు ఖాళీగా ఉంటాయి.